ఇంట నిలిచి రచ్చ గెలిచిన భాష

ఉద్యోగరీత్యా స్వస్థలాలను విడిచి దూరప్రాంతాలలో స్థిరపడిన కుటుంబాలలో తరచు వినవచ్చే ప్రశ్న ఒకటి ఉన్నది. ఇంటిలో పిల్లలతో ఏ భాషలో మాట్లాడాలి? అండమాన్ దీవులలోని తెలుగు కుటుంబాలకు ఈ ప్రశ్న మరింత దగ్గరగా తగులుతుంది. కార్యాలయంలో ఫైళ్ళు హిందీలోను ఇంగ్లీషులోను నడుస్తాయి. బజారులో అందరినీ కలిపేది అండమాన్ హిందీ. బడిలో చదువు చాలామందికి ఇంగ్లీషులో. ఇక తెలుగుకు మిగిలినది వంటింటికీ వసారాకూ నడుమ ఉన్న కొద్దిపాటి చోటు. పిల్లల భవిష్యత్తును తలచి ఆ కొద్దిపాటి చోటును కూడ ఇంగ్లీషుకు ఇచ్చివేయడమే మేలని భావించే తల్లిదండ్రులు మన మధ్య లేకపోలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. కనుక ఇది ఏ ఒక్క ఇంటి ప్రశ్నో కాదు.

ఈ ప్రశ్నకు జవాబు ఇంగ్లీషు భాషనే అడిగి చూద్దామని మా ఉద్దేశం. నేడు ప్రపంచమంతటా మన్నన పొందుతున్న ఆ భాష ఒకప్పుడు తన సొంత గడ్డమీదనే దాదాపు 300 సంవత్సరాలపాటు ఆదరణ లేక, పాలేర్ల భాషగా కాలం వెళ్ళబుచ్చినది. అది ఎట్లు బ్రతికినదో తెలుసుకొంటే మన సందేహం కొంత తీరుతుంది. ఆ చరిత్ర తెలుసుకోవడానికి లండను వరకు వెళ్ళనవసరం లేదు. బాంబూఫ్లాట్ రేవు చాలు.

దక్షిణ అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్‌కు ఎదురుగా, సముద్రపు పాయకు ఆవలి ఒడ్డున ఉన్న ఊరు బాంబూఫ్లాట్. పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. రోడ్డు మీద వెళ్ళాలంటే ఫెరార్‌గంజ్ వైపుగా చాలదూరం చుట్టి రావాలి. అందుచేత ఉద్యోగులు, విద్యార్థులు, వ్యాపారులు చాతమ్ రేవులో ఫెర్రీ ఎక్కి కొద్ది నిమిషాలలో బాంబూఫ్లాట్ చేరుతారు. ఈ చిన్న ప్రయాణంలో నాలుగు దిక్కుల కనిపించే స్థలాల పేర్లను విప్పి చూచినచో ఇంగ్లీషు భాష 1,500 ఏళ్ళ చరిత్ర అంతా అందులో పొరలు పొరలుగా కనిపిస్తుంది.

మొదట చాతమ్‌ను తీసుకొందాం. ఇది ఇంగ్లండులోని కెంట్ మండలంలో ఉన్న ఒక పట్టణం పేరు. ఇందులో రెండు ముక్కలు ఉన్నాయి. మొదటి ముక్క బ్రిటన్ దీవి ప్రాచీన నివాసులైన కెల్టు జాతివారి భాషలో అడవికి పేరు. రెండవ ముక్క ‘హామ్’, ప్రాచీన ఆంగ్లంలో నివాసానికి పేరు. నేటి ‘హోమ్’ దానికి తోబుట్టువే. రెండూ కలిసి ‘అడవి వద్ద ఊరు’ అని అర్థం. 1883లో కలప కోత మిల్లు వెలసిన ద్వీపానికి ఇంతకంటె తగిన పేరు దొరకదు.

ఆ రెండు ముక్కలు ఒకచోట ఎట్లు చేరాయి? రోమను సేనలు 5వ శతాబ్ది ప్రారంభంలో బ్రిటన్‌ను విడిచిపోయాయి. ఆ తరువాత ఉత్తర జర్మనీ, డెన్మార్కు తీరాల నుండి ఆంగ్లులు, శాక్సనులు, జూటులు అనే తెగలవారు పడవలపై వచ్చి స్థిరపడ్డారు. వారి మాటయే ప్రాచీన ఆంగ్లం. అంతకు ముందున్న కెల్టు భాష కొండలకు, నదులకు, అడవులకు పేర్లుగా మిగిలి, పడమటి దిక్కుకు, ఉత్తర దిక్కుకు తరలిపోయినది. అంటే ఇంగ్లీషు ఇంగ్లండులో పుట్టినది కాదు, అక్కడికి వలస వచ్చినది. దీవులలో స్థిరపడిన మనకు ఈ సంగతి పరాయిదిగా తోచదు.

రెండవ పొర బాంబూఫ్లాట్‌లోని ‘ఫ్లాట్’. ఈ మాటను ఇంగ్లీషుకు ఇచ్చినవారు స్కాండినేవియా నుండి వచ్చిన వైకింగులు. 793లో లిండిస్‌ఫార్న్ మఠంపై దాడితో మొదలైన వారి రాకపోకలు క్రమంగా కాపురాలుగా మారాయి. తూర్పు, ఉత్తర ఇంగ్లండులో ఇరుజాతులవారు ఇరుగుపొరుగువారై, వియ్యాలందుకొని, ఒకరి మాట ఒకరు ఎరువు తెచ్చుకొన్నారు. కత్తికి ‘నైఫ్’, కాలికి ‘లెగ్’, ఆకాశానికి ‘స్కై’, న్యాయశాసనానికి ‘లా’ అట్లు వచ్చినవే. ‘విండో’ అంటే వారి భాషలో ‘గాలి కన్ను’. మన ‘గవాక్షం’లో కూడ ఒక కన్ను ఉన్నది. అయితే అది ఆవు కన్ను. అన్నిటికంటె ఆశ్చర్యం, ‘వారు’ అని చెప్పే ‘దే’ అనే సర్వనామం కూడ వైకింగుల మాటయే. ఒక భాష సర్వనామాలను సైతం ఎరువు తెచ్చుకొనడం అరుదు. పక్కింటివారితో ఎంత సన్నిహితంగా మెలగినారో దీనివలన తెలియగలదు.

మూడవ పొర బాంబూఫ్లాట్ వెనుక ఆకాశానికి లేచిన కొండ. 2021లో మౌంట్ మణిపూర్ అని పేరు మార్చిన ఈ కొండను అంతకు ముందు మౌంట్ హారియట్ అనేవారు. 1860ల తొలినాళ్ళలో ఇక్కడి పాలనాధికారిగా పనిచేసిన కర్నల్ రాబర్ట్ టైట్లర్ భార్య పేరు హారియట్. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయి లార్డ్ మేయో ఈ కొండనే ఎక్కి దిగి, కింద హోప్‌టౌన్ రేవులో షేర్ అలీ అఫ్రీదీ చేతిలో హతుడైనాడు. ఇక పేరు సంగతి. ‘మౌంట్’ లాటిన్ నుండి వచ్చి ఫ్రెంచి బలంతో స్థిరపడిన మాట. ‘హారియట్’ ఫ్రెంచివారి ‘హెన్రియెట్’కు ఇంగ్లీషు రూపం. ఈ ఫ్రెంచి పొర వెనుక ఉన్న కథయే మన ప్రశ్నకు ఆయువుపట్టు.

1066 అక్టోబరు 14న హేస్టింగ్స్ యుద్ధంలో నార్మండీ ప్రభువు విలియం ఇంగ్లండు రాజును ఓడించాడు. ఆ రోజుతో రాజసభకు, న్యాయస్థానానికి, జమీందారీలకు ఫ్రెంచి భాష అయినది. మతానికి, శాస్త్రానికి లాటిన్ ఉండనే ఉన్నది. ఇంగ్లీషుకు మిగిలినది పొలం, పశువుల కొట్టం, వంటిల్లు. ఈ సంగతికి నేటికీ నిఘంటువులో సాక్ష్యం ఉన్నది. కొట్టంలో ఉన్నంతవరకు ఎద్దు, గొర్రె, పంది ‘ఆక్స్’, ‘షీప్’, ‘స్వైన్’ అనే ఇంగ్లీషు పేర్లతో ఉంటాయి. దొరల పళ్ళెంలోకి చేరగానే అవే ‘బీఫ్’, ‘మటన్’, ‘పోర్క్’ అనే ఫ్రెంచి పేర్లు ధరిస్తాయి. మేపినవాడిది ఒక భాష, తిన్నవాడిది మరొక భాష. ‘కోర్టు’, ‘జడ్జి’, ‘జైలు’, ‘పార్లమెంటు’ అన్నీ ఆనాటి ఏలికల మాటలే.

ఆ కాలంలో పైకి రావాలనుకొన్న ఏ ఆంగ్లేయుడైనా పిల్లలకు ఫ్రెంచి నేర్పించాడు. అది తప్పు కాదు, అవసరం. ఆ రోజులలో ఒక బుద్ధిమంతుడు ‘ఇంగ్లీషుకు భవిష్యత్తు లేదు’ అని తీర్మానించి ఉంటే కాదనడానికి ఎవరివద్దా ఆధారం ఉండేది కాదు. అయినను ఆ భాష చావలేదు. దానిని కాపాడిన కవులు, రాజులు బహు కొద్దిమంది. కాపాడినవారు తల్లులు, దాదులు, రైతులు, పనిపాటలవారు. జోలపాట, తిట్టు, లెక్క, బేరం అన్నీ ఇంగ్లీషులోనే సాగాయి. నార్మను ప్రభువుల ఇండ్లలోనే దాదుల ఒడిలో పెరిగిన పిల్లలకు కాలక్రమాన ఇంగ్లీషు ముందు వచ్చి, ఫ్రెంచి గురువు పెట్టి నేర్పవలసిన భాషగా మారినది.

14వ శతాబ్దిలో పరిస్థితులు కలిసివచ్చాయి. ఫ్రాన్సుతో దీర్ఘకాలపు యుద్ధం వలన ఫ్రెంచి శత్రువుల భాష అయినది. 1348లో ప్రబలిన మహామారి వలన జనం తగ్గి, శ్రమించే చేతులకు విలువ పెరిగినది. ఆ చేతులవారి మాటకూ విలువ పెరిగినది. 1362లో న్యాయస్థానాలలో వాదోపవాదాలు ఇంగ్లీషులో జరగాలని ఒక శాసనం వెలువడినది. ఆ శాసనాన్ని వ్రాసినది మాత్రం ఫ్రెంచి భాషలో! ఉత్తర్వు వచ్చినంత మాత్రాన వ్రాయసగాడి అలవాటు మారదని, కార్యాలయాలలో పనిచేసే మనకు వేరే చెప్పనక్కరలేదు. 1399లో సింహాసనమెక్కిన 4వ హెన్రీ, నార్మను విజయం తరువాత ఇంగ్లీషు మాతృభాషగా గల తొలి రాజు. అదే కాలంలో ఛాసర్ ఇంగ్లీషులో కావ్యాలు రచించాడు. మన ఆంధ్రప్రదేశ్‌లో తెలుగును అధికార భాషగా చేస్తూ 1966లో చట్టం వచ్చినది. అట్టి చట్టాలు మనకు కొత్త గాని ప్రపంచానికి కొత్త కావు.

ఇక్కడ ఒక విశేషం చెప్పవలసి ఉన్నది. నన్నయభట్టు రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుని ఆస్థానాన భారతాంధ్రీకరణకు పూనుకొన్నది కూడ 11వ శతాబ్దిలోనే. నన్నయ పద్యాన్ని నేటి తెలుగు విద్యార్థి గురువు సాయంతో చదివి ఆనందించగలడు. ఆ శతాబ్దినాటి ఇంగ్లీషు గ్రంథాన్ని నేటి ఆంగ్లేయుడు పరభాష వలె ప్రత్యేకంగా అభ్యసిస్తే తప్ప చదవలేడు. అంతగా మారిపోయినది ఇంగ్లీషు. అయినను అది ఇంగ్లీషే. ఎందువలన?

జవాబు నిత్యవ్యవహారంలోని చిన్న మాటలలో ఉన్నది. నిఘంటువు తెరిస్తే ఇంగ్లీషు పదాలలో సగానికి పైగా ఫ్రెంచి, లాటిన్ మూలాలవే. కాని మాట్లాడే వేళ అత్యధికంగా వాడే మొదటి 100 పదాలను తీసి చూస్తే దాదాపు అన్నీ ప్రాచీన ఆంగ్లానివే. నేను, నీవు, వచ్చు, పోవు, తిను, త్రాగు, లోపల, బయట, తల్లి, తండ్రి, ఇల్లు అనే భావాలకు ఆ భాష పరాయి మాటను చాలవరకు దరిచేరనివ్వలేదు. వాక్యం కట్టే తీరునూ విడువలేదు. దూలాలు, స్తంభాలు తనవి. తలుపులకు, కిటికీలకు కలప ఎక్కడిదైనా తెచ్చుకొన్నది. మన తెలుగు చేసినదీ ఇదే. బొత్తాము, మేస్త్రి, తువాలు పోర్చుగీసువారి నుండి, దరఖాస్తు, జమాబందీ పారసీకం దారిన వచ్చాయి. ‘బస్సు ఎక్కి టిక్కెట్టు తీసుకొన్నాను’ అన్నప్పుడు రెండు నామవాచకాలూ పరాయివే. కాని వాటి చివర ఉకారం చేర్చి తెలుగు దుస్తులు తొడిగి, తెలుగు క్రియతో నడిపించాము. ఆ వాక్యం తెలుగే.

పిల్లలు ఇంగ్లీషు వర్ణక్రమం చూచి విసుగుకొనడం అందరి ఇండ్లలోనూ ఉన్నదే. ‘నైఫ్’కు ముందు ‘కె’ ఎందుకు? దీనికీ కారణం ఉన్నది. ఛాసర్ కాలంలో ఆ ‘క’కారాన్ని పలికేవారు. ఆ మాటను దాదాపు ‘క్నీఫ్’ అన్నట్లు ఉచ్చరించేవారు. ‘నేమ్’ అనే మాట ఆనాడు ‘నామ’కు దగ్గరగా వినబడేది. సంస్కృతంలోని ‘నామ’ శబ్దానికి అది దూరపు చుట్టం. ఈ చుట్టరికాన్ని 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ సంస్కృత, గ్రీకు, లాటిన్ భాషలకు ఒకే మూలం ఉండవచ్చునని చేసిన ప్రసంగం లోకానికి చాటినది. తెలుగు కుటుంబం వేరు. దానిని 1816లో మద్రాసులో ఎల్లిస్ దొర నిరూపించాడు. ఇక ఉచ్చారణ సంగతి. సుమారు 1400 నుండి 1700 వరకు ఇంగ్లీషులోని దీర్ఘాచ్చులు ఒక్కొక్కటిగా స్థానం మార్చుకొన్నాయి. సరిగా ఆ మార్పు నడుస్తున్నప్పుడే, 1476లో కాక్స్‌టన్ వెస్ట్‌మినిస్టర్‌లో ముద్రణాలయం స్థాపించాడు. అచ్చుదిమ్మెలు పాత వర్ణక్రమాన్ని పట్టుకొని కూర్చున్నాయి, నాలుకలు ముందుకు సాగిపోయాయి. అందుచేత నేటి పిల్లవాడు కంఠస్థం చేస్తున్నది చాలవరకు 500 ఏళ్ళనాటి ఉచ్చారణను.

ఆ కాక్స్‌టనే ఒక ముచ్చట వ్రాసిపెట్టాడు. థేమ్స్ నదిలో బయలుదేరిన వర్తకులు గాలి లేక కెంట్ తీరాన ఆగిపోయి, ఒక ఇంటికి పోయి ‘ఎగ్స్’ కావాలని అడిగారు. ఆ ఇల్లాలు తనకు ఫ్రెంచి రాదని జవాబిచ్చినది! ‘ఎగ్’ వైకింగుల మాట, ఉత్తరాదిన వాడుక. కెంట్ ఇల్లాలి నోట పాత ఆంగ్లపు మాట ‘ఐరెన్’ ఉన్నది. ఇద్దరిదీ ఇంగ్లీషే. శ్రీకాకుళం మాట విని నెల్లూరు మనిషి నవ్వినా, తెలంగాణ మాటకు మరొకరు ముఖం చిట్లించినా ఈ కోడిగ్రుడ్ల కథను గుర్తు చేయవచ్చు.

నాల్గవ పొర, చిట్టచివరిది, ‘బాంబూ’. 1600 డిసెంబరు 31న ఈస్టిండియా కంపెనీ ఏర్పడే నాటికి ఇంగ్లండు జనాభా సుమారు 40 లక్షలు. 1611లో కంపెనీవారు మన మచిలీపట్నంలో వర్తకస్థానం నెలకొల్పారు. ఓడలు సరుకులతోపాటు మాటలనూ మోసుకొనిపోయాయి. ‘బాంబూ’ పోర్చుగీసు, డచ్చి నావికుల నోట పడి ఇంగ్లీషు చేరిన ఆసియా పదం. మలయ్ భాషను దాని పుట్టిల్లుగా కొందరు, కన్నడాన్ని మరికొందరు చెబుతారు. ఈ తీరాన తిరిగే చిన్న పడవ ‘డింగీ’ వంగ, హిందీ భాషలది. అండమాన్ రాష్ట్రవృక్షం ‘పడాక్’ బర్మీయుల మాట. మన పందికొక్కు కూడ ‘బాండికూట్’ అయి ఇంగ్లీషు నిఘంటువెక్కి, అక్కడితో ఆగక ఆస్ట్రేలియాలోని మరొక జంతువుకు పేరైనది. తుపానుకు ‘సైక్లోన్’ అనే పేరును కలకత్తాలో ఉద్యోగం చేసిన హెన్రీ పిడింగ్టన్ 1840లలో గ్రీకు మాట ఆధారంగా కల్పించాడు. 2004 డిసెంబరు 26న దక్షిణ అండమాన్‌లో నేల కుంగి, సముద్రం లోపలికి వచ్చిన నాడు మనమందరం నేర్చుకొన్న ‘సునామీ’ జపాను మాట. ‘రేవు అల’ అని దాని అర్థం.

ఈవిధంగా చాతమ్‌లో ఫెర్రీ ఎక్కి బాంబూఫ్లాట్‌లో దిగేలోపల కెల్టు, ఆంగ్ల, వైకింగు, ఫ్రెంచి, ఆసియా పొరలన్నిటినీ దాటిపోతాము. మరొక చమత్కారం: ‘బ్లెయిర్’ అనే ఇంటిపేరు స్కాట్లండు గేలిక్ భాషలో ‘మైదానం’ అనే మాట నుండి వచ్చినది. ‘ఫ్లాట్’ అన్నా చదునునేలయే. ఒకే అర్థం గల రెండు భాషల మాటలు పాయకు ఈ ఒడ్డున ఒకటి, ఆ ఒడ్డున ఒకటి నిలిచి ఉన్నాయి.

ఈ పేర్లకు ముందు ఈ తీరానికి వేరే పేర్లు ఉండేవి. పోర్ట్ బ్లెయిర్ పరిసరాలు ఆకా-బియా అనే అండమాన్ ఆదివాసుల నివాసభూమి. వారి భాషలోని పదాలను 19వ శతాబ్దిలో ఇ.హెచ్. మాన్ అనే అధికారి శ్రద్ధగా సేకరించి గ్రంథస్థం చేశాడు. 1877లో తట్టు వ్యాధి ప్రబలి ఆదివాసులు పెక్కుమంది మరణించారు. 20వ శతాబ్ది పూర్వార్ధంలో ఆకా-బియా భాష పూర్తిగా అంతరించినది. 2010 జనవరి 26న బో అనే మరొక అండమాన్ భాషకు చివరి వక్త అయిన బోవా సీనియర్ కన్నుమూశారు. ఆమె మాటలను భాషాశాస్త్రవేత్త అన్వితా అబ్బి రికార్డు చేసి భద్రపరచారు. కాని ఆమెకు తన భాషలో బదులు పలికేవారు చివరి సంవత్సరాలలో ఒక్కరూ లేరు. ఇతరులతో మాట్లాడడానికి అండమాన్ హిందీ నేర్వవలసి వచ్చినది.

ఈ రెండు చరిత్రలను పక్కపక్కన పెట్టి చూడవలెను. ఇంగ్లీషు 300 ఏళ్ళు రాజ్యాన్ని, కోర్టును, కొలువును పోగొట్టుకొని కూడ బ్రతికినది, ఇండ్లు మిగిలినందున. బో భాషకు పరిశోధన, రికార్డులు, నిఘంటువు లభించినను నిలువలేదు, ఇండ్లు మిగలనందున. ఆ ఆదివాసుల ఇండ్లను రోగాలు, పరాయి పాలన హరించాయి. మన ఇండ్లు క్షేమంగా ఉన్నాయి. ఇందులో తెలుగు ఉండాలా వద్దా అనే నిర్ణయం మన చేతిలోనే ఉన్నది.

పిల్లలకు ఇంగ్లీషు బాగా రావాలి. ఆనాటి ఆంగ్లేయుడు తన పిల్లలకు ఫ్రెంచి నేర్పినట్లే మనమూ శ్రద్ధతో నేర్పించాలి. దానికి మంచి పుస్తకాలు, మంచి గురువులు, చదివే అలవాటు కావాలి. తల్లిదండ్రులు తమకు పట్టుబడని భాషలో ఇంటిలో నాలుగు ముక్కలు పలికినందున పిల్లల ఇంగ్లీషు మెరుగుపడదు. పైగా అమ్మమ్మకు, మనుమరాలికి నడుమ మాట తెగిపోతుంది. మాటల నడుమ ఇంగ్లీషు పదాలు దొర్లుతున్నాయని కూడ కలవరపడవద్దు. పదాలు వస్తాయి, పోతాయి. ఆకలి, కోపం, గారాబం, పిలుపు తెలుగులో ఉన్నంతకాలం వాక్యం తెలుగుగానే నిలుస్తుంది. దానికి తోడు అక్షరాలు నేర్పి, నెలకొకమారు ఊరిలోని తాతగారికి స్వహస్తంతో పది పంక్తులు వ్రాయించగలిగితే మరీ మంచిది.

ఇంట గెలిచి రచ్చ గెలువుమని మన పెద్దల మాట. ఇంగ్లీషు ముందు ఇంట నిలిచినది, తరువాతనే రచ్చ గెలిచినది. తెలుగుకు మన ఇంట చోటు కల్పించడానికి ఏ ఉత్తర్వు కోసమూ ఎదురుచూడనవసరం లేదు. ఈ రాత్రి భోజనాల వేళ మొదలుపెట్టవచ్చును.